ఎముక ఎంజైమును కాలేయానికి అంటగట్టవద్దు

సంపాదకులకు నమస్కారం.

గత నెలలో మా మనవడికి ఒక ప్రయోగశాలలో లివర్ ఫంక్షన్ పరీక్ష చేయించారు. వాడికి పద్నాలుగేళ్లు. ఏడాది తిరగకుండానే ప్యాంట్లన్నీ చీలమండల పైకి పోయేంతగా పొడుగయ్యాడు. రిపోర్టులో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము 362 అని లావు అక్షరాల్లో పడింది. పక్కన ఉండవలసిన పరిమితి 40 నుంచి 130 అని అచ్చయింది. బిలిరుబిన్, ఎస్‌జీపీటీ రెండూ సక్రమంగానే ఉన్నా, లివర్ చెడిందని ఇంట్లోవాళ్లు బెంగపడి, పిల్లవాడికి నెయ్యి, నూనె మానిపించి, పసరు మందు పోయించడానికి ప్రయాణం కట్టారు. ఆ పరిమితి పెద్దవాళ్లది. ఎదిగే వయసు మగపిల్లల్లో ఈ ఎంజైము 400 దాకా ఉండడం మామూలే, ఎందుకంటే పెరుగుతున్న ఎముకలే దాన్ని రక్తంలోకి వదులుతుంటాయి.

జీవరసాయన శాస్త్రం బోధించినవాడిగా ఈ విషయం కొంత వివరంగా చెప్పాలనిపించింది. కాలేయం, ఎముక ఈ ఎంజైమును ఒకే జన్యువు ఆధారంగా తయారుచేస్తాయి; ప్రోటీను గొలుసు రెండింటిలోనూ ఒక్కటే. తేడా అంతా ఆ తర్వాత కణం దానికి తగిలించే చక్కెర అణువుల్లో ఉంది. ఇక్కడ చక్కెర అంటే మనం షుగర్ అని పిలుచుకునే జబ్బుకు సంబంధించింది కాదు. సియాలిక్ ఆమ్లం, గాలక్టోజ్, ఫ్యూకోజ్ వంటివి. గోధుమ మొలక భాగం నుంచి తీసిన, చక్కెరలను పట్టుకునే లెక్టిన్ అనే ప్రోటీనును సీరంలో (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో) కలిపితే, అది ప్రధానంగా ఎముక ఎంజైమునే పట్టుకుని అడుగుకు దించుతుంది, కాలేయానిది చాలావరకు పైనే మిగులుతుంది. గొలుసు ఒకటే అయినా చక్కెరలు వేరు కావడం వల్లనే ఇది సాధ్యం.

కాలేయం జబ్బు పడ్డప్పుడు కూడా ఈ చక్కెరలు మారతాయి. సియాలిక్ ఆమ్లం రాలిపోయి గాలక్టోజ్ బయటపడ్డ ప్రోటీన్లను ఆరోగ్యమైన కాలేయ కణాలు గుర్తుపట్టి రక్తం నుంచి లాగేసుకుంటాయని అమెరికాలో గిల్బర్ట్ ఆష్‌వెల్, అనటోల్ మోరెల్ కనిపెట్టారు. కాలేయం మచ్చలు కట్టి గట్టిపడే సిర్రోసిస్‌లో ఆ శక్తి తగ్గి అవి రక్తంలోనే నిలిచిపోతాయి. కాలేయ క్యాన్సర్ అనుమానంతో రక్తంలో చూసే ఆల్ఫా ఫీటోప్రోటీన్ అనే ప్రోటీను ఎంజైము కాకపోయినా దాని సంగతీ ఇక్కడ చెప్పుకోవాలి. దీర్ఘకాలిక హెపటైటిస్‌లోనూ, గర్భిణుల్లోనూ అది పెరుగుతుంది గనుక మొత్తం అంకె ఒక్కటే చూసి కాలేయ క్యాన్సర్ అనలేము. కానీ క్యాన్సర్ కణం తయారుచేసిన దానికి ఫ్యూకోజ్ అదనంగా అంటుకుని ఉంటుంది. మనం వండుకునే మసూర్ పప్పులోని లెక్టిన్ సరిగ్గా దాన్నే పట్టుకుంటుంది. మొత్తం ఆల్ఫా ఫీటోప్రోటీన్‌లో ఆ భాగం 10 శాతం దాటితే వైద్యులు జాగ్రత్తపడతారు. ఈ పరీక్షకు అమెరికాలో 2005లో అనుమతి లభించింది. వంటింటి పప్పు ఇంత పనికొస్తుందని చదివినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది.

ఇవన్నీ ప్రతి ఊళ్లో చేయాలని నేను కోరడం లేదు. ప్రయోగశాలలు కనీసం వయసును బట్టి పరిమితులు అచ్చువేయాలి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఒక్కటే పెరిగినప్పుడు, ఎముక నుంచి రాని జీజీటీ అనే మరో కాలేయ ఎంజైమును కూడా చూడమని రిపోర్టు కిందనే ఒక వాక్యం తెలుగులో రాయాలి. మీ ఆరోగ్య పేజీలో ఒక వారం దీనికి చోటు కల్పించమని మనవి.

ఇట్లు,
విశ్రాంత జీవరసాయన శాస్త్ర అధ్యాపకుడు,
తెనాలి