సైగల భాష ఆలస్యం చేయొద్దు

సంపాదకునికి,

"సైగలు అలవాటైతే మాట రాదు, ఆగండి" అని పుట్టుచెవుడున్న పిల్లల తల్లిదండ్రులకిచ్చే సలహా, ఎదుటివారి మనసును అర్థం చేసుకునే శక్తినే ఆ పిల్లల్లో వెనక్కి నెడుతోంది. ఆ శక్తి వచ్చిందో లేదో తేల్చే చిన్న పరీక్ష ఒకటుంది. ఒక బొమ్మ తన గోలీని బుట్టలో పెట్టి బయటికెళ్తుంది. రెండో బొమ్మ దాన్ని తీసి డబ్బాలో దాస్తుంది. మొదటిది తిరిగొచ్చి ఎక్కడ వెతుకుతుంది? మూడేళ్ల పిల్లలు ఎక్కువమంది డబ్బానే చూపిస్తారు. నాలుగైదేళ్లకు బుట్ట అంటారు, గోలీ చోటు మారిందని ఆ బొమ్మకు తెలియదని గ్రహిస్తారు కాబట్టి. (గోలీ మొదట ఎక్కడుంది, ఇప్పుడెక్కడుంది అనీ అడగాలి, లేకపోతే పిల్లవాడు కథ మరిచి తప్పు చెప్పాడేమో తేలదు.) వినగలిగే తల్లిదండ్రులకు పుట్టిన బధిర పిల్లల్లో చాలామంది ఈ మెట్టు ఏళ్లు ఆలస్యంగా ఎక్కుతారు. సైగల భాషే ఇంటి భాషగా పెరిగే బధిర దంపతుల బధిర పిల్లలు మాత్రం తోటివారితో సమానంగా ఎక్కేస్తారు. తేడా అంతా ఇంట్లో నడిచే కబుర్లలోనే. నీళ్లు, అన్నం, రా, వద్దు: చాలా ఇళ్లలో కనిపించే సైగలు ఇంతవరకే. "అమ్మమ్మ నువ్వు బడికెళ్లావనుకుంది" అని పిల్లకు చెప్పే దారే ఉండదు. వినికిడి యంత్రం పెట్టినా, కాక్లియర్ ఇంప్లాంట్ (శస్త్రచికిత్సతో చెవిలో అమర్చే వినికిడి పరికరం) చేయించినా సరే, లోపం తేలిన నెలలోనే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాల్లో తల్లిదండ్రులకు వారానికి రెండు గంటలు భారతీయ సైగల భాష నేర్పాలి. అనుకోవడం, తెలియకపోవడం, మరిచిపోవడం, పొరబడటం తొలి పాఠాల్లోనే రావాలి. ఈ భాషకు 10,000 పదాల నిఘంటువు 2021 నుంచే అందుబాటులో ఉంది. నేర్పడానికి బధిర ఉపాధ్యాయులను వెంటనే నియమించాలి.