ఆకాశ వీక్షణ సంఘం, అనంతపురం: వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

నెలనెలా అమావాస్య దగ్గరి శనివారాల్లో మేడ మీది కార్యక్రమాలు మామూలుగానే జరిగాయి. వానలకు రెండు రద్దయ్యాయి. బడిపిల్లల క్లాసుల వివరాలు మినిట్స్ పుస్తకంలో ఉన్నాయి. నేను చెప్పాలనుకున్నది కార్తీక అమావాస్య రాత్రి గురించి.

ఎన్‌జీసీ అనే ఆకాశ వస్తువుల పట్టికలో 253వ నంబరుగా ఉన్న సర్పిల (సుడి ఆకారపు) గెలాక్సీని సభ్యులకు చూపించాలని మూడేళ్లుగా అనుకుంటున్నాం. ప్రతిసారీ తుపాను మబ్బులు అడ్డం పడ్డాయి. 1783లో ఖగోళ శాస్త్రవేత్త కరోలిన్ హెర్షెల్ తోకచుక్కల కోసం వెతుకుతూ దీన్ని ఇంగ్లండు నుంచి కనిపెట్టారు. అక్కడ అది దక్షిణాన బాగా కిందుగా ఉంటుంది. మన అనంతపురంలో దాదాపు 50 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. ఇంత మంచి చోట ఉండి మనం చూడకపోతే ఎలా?

ఊళ్లో హైమాస్ట్ లైట్ల కింద పని కాదని, ఒక సభ్యుడి శెనక్కాయ చేలో 8 అంగుళాల అద్దమున్న టెలిస్కోపు నిలబెట్టాం. తిమింగల రాశిలోని డిఫ్డా నక్షత్రం నుంచి దక్షిణానికి, చాపిన చేతి పిడికిలి కంటే కాస్త తక్కువ దూరం దించితే దొరికింది. ఈ గెలాక్సీ దాదాపు అంచు మనవైపు తిప్పి ఉండడం వల్ల చక్రంలా కాక, పొడుగాటి మసక చారలా కనిపిస్తుంది.

కుప్పలకు కాపలా ఉండే అవ్వ కన్ను పెట్టి, "ఏమీ లేదు నాయనా, అంతా నల్లగుంది" అంది. "సూటిగా వద్దవ్వా, కాస్త పక్కకు చూడు" అని గొట్టాన్ని వేలితో మెల్లగా తట్టాను. పక్కచూపుకు, అందులోనూ కదిలితే, మసక వెలుగు కంటికి తొందరగా చిక్కుతుంది. "ఆఁ, విభూతి గీసినట్టుంది!" అంది. ఆ వెలుగు బయల్దేరి సుమారు కోటీ పది లక్షల ఏళ్లయిందని చెబితే మళ్లీ వంగి, చాలాసేపు కన్ను తీయలేదు. వెనక నిలబడ్డ పిల్లలు కూడా తొందరపెట్టలేదు.

వస్తామని పేర్లిచ్చిన వాళ్లలో సగం మంది రాలేదు, ఫోనూ ఎత్తలేదు. గట్ల మీద టెలిస్కోపు మోసింది ఇద్దరే. ఇది బాధగానే రాస్తున్నాను. మైదానంలో ఒక్క గంట లైట్లు ఆర్పమని అర్జీ పట్టుకుని ఒక ఆఫీసు చుట్టూ ఐదుసార్లు తిరిగినా "రేపు రండి" అనే మాటే తప్ప జవాబు లేదు.

జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. చందా బాకీలు ఈరోజే కట్టగలరు.

చేను ఇచ్చిన సభ్యుడికి, ఉగ్గాని, ఉడకబెట్టిన శెనక్కాయలు తెచ్చిన అక్కలకు, బాడుగ తీసుకోని ఆటో అన్నకు, అడగ్గానే బోరు షెడ్డు బల్బు ఆర్పేసిన పక్క చేను రైతుకు, పిల్లలను పంపిన తల్లిదండ్రులకు కృతజ్ఞతలు.

టెలిస్కోపు అద్దం పూత మాసిపోయింది. కొత్త పూత వేయించే తీర్మానాన్ని సభ్యులు ఆమోదించాలని కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి