లండన్‌లో మెయిడెన్ చూడబోతున్న మా అమ్మలుకి

అమ్మలూ,

నువ్వు పంపిన టికెట్ స్క్రీన్‌షాట్ చూసిన దగ్గర్నుంచీ నాకు కాళ్ళు నేల మీద ఆగట్లేదు. 2025 జూన్ 28, లండన్ స్టేడియం, ఇంగ్లండ్ హెవీ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్! నిన్న ఫోన్లో మీ అమ్మ రూమ్ రెంటు, వంట, పార్ట్‌టైమ్ అన్నీ అడుగుతుంటే నాకు వంతు రాలేదు, అందుకే ఇలా టైప్ చేస్తున్నా, తీరిగ్గా చదువుకో.

ఫ్రెండ్స్ వెళ్తున్నారని వెళ్తున్నా, నాకు రెండు మూడు పాటలే తెలుసు అన్నావు కదా. పర్లేదు. కానీ నువ్వెళ్తున్నది వాళ్ళ సొంతూరికి, అది తెలుసుకుని వెళ్ళు. బ్యాండ్ పెట్టిన స్టీవ్ హారిస్ తూర్పు లండన్ కుర్రాడు, 1975 క్రిస్మస్ రోజున అక్కడే మొదలైంది ఇదంతా, ఆ స్టేడియం ఏమో ఆయన ప్రాణం పెట్టే వెస్ట్ హామ్ టీమ్ హోమ్ గ్రౌండ్. బేస్ గిటార్ మీద కూడా ఆ టీమ్ గుర్తు వేయించుకున్న మనిషి. బ్యాండ్ యాభై ఏళ్ళ పండగ టూర్‌లో తన పేటలో వాయించడం అంటే ఆయనకి ఎలా ఉంటుందో ఆలోచించు.

నేను చూసింది బెంగుళూరులో, 2007 మార్చి 17, శనివారం, ప్యాలెస్ గ్రౌండ్స్. నీకప్పుడు నాలుగేళ్ళు. అంతకు ముందు అదే గ్రౌండ్‌కి రాక్ స్టార్ రోజర్ వాటర్స్ వచ్చాడు, రోలింగ్ స్టోన్స్ వచ్చారు, కానీ హెవీ మెటల్‌లో అంత పెద్ద బ్యాండ్ మన దేశానికి రావడం అదే మొదలు. ఇంజనీరింగ్ హాస్టల్లో మా రూమ్మేట్ దగ్గర క్యాసెట్‌కి క్యాసెట్ ఎక్కించుకుని విన్నవాణ్ణి నేను, అది ఎన్నో చేతులు మారిన కాపీ, పాట మధ్యలో సౌండ్ లోపలికీ బయటికీ పోయేది, అట్టముక్క మీద పాటల పేర్లు బాల్ పెన్‌తో రాసుకున్నా. అలహాబాద్ నుంచి రాక్ స్ట్రీట్ జర్నల్ అని మ్యాగజైన్ వచ్చేది, ఒక కాపీ హాస్టల్ మొత్తం తిరిగి అట్టలు ఊడిపోయి నా దగ్గరికి చేరేది. వీళ్ళని లైవ్‌లో చూస్తానని అప్పుడు కల్లో కూడా అనుకోలేదమ్మా, విదేశం వెళ్తేనే అనుకునేవాళ్ళం, వెళ్ళే స్తోమత ఎవరికుంది.

అలాంటిది వాళ్ళే వస్తున్నారంటే ఇంకేముంది, ఉగాది రెండు మూడు రోజుల్లో పెట్టుకుని ఇంట్లో పనులుంటే కూడా మీ అమ్మే "వెళ్ళిరండి, లేకపోతే జన్మంతా సణుగుతారు" అని పంపించింది. హైదరాబాద్‌లో రాత్రి బస్సెక్కి, కర్నూలు, అనంతపురం మీదుగా తెల్లారేసరికి మెజెస్టిక్‌లో దిగితే ఎటు చూసినా నల్ల టీషర్టులే. టీ కొట్టు దగ్గర ఒక షిల్లాంగ్ కుర్రాడు కలిశాడు, రైళ్ళు మారి మారి వచ్చాడంట, కళ్ళు గుంటలు పడిపోయి ఉన్నాయి, మొహంలో మాత్రం వెలుగు. ఇద్దరికీ భాష సరిగ్గా కలవలేదు, పాటల పేర్లు చెప్పుకుంటూ అరగంట గడిపేశాం.

మధ్యాహ్నం నుంచీ లైన్లో నిలబడ్డాం, ఎండ, ఎర్ర దుమ్ము, గేటు దగ్గర తడిమి తడిమి చూసి జేబులో చిల్లర కూడా లాగేసుకున్నారు. ముందు మన ఢిల్లీ బ్యాండ్ పరిక్రమ వాయించింది, అదరగొట్టారు, ఆ ఊపుతోనే అదే ఏడాది ఇంగ్లండ్‌లో డౌన్‌లోడ్ అనే రాక్ ఫెస్టివల్‌కి వెళ్ళారు వాళ్ళు. తర్వాత స్టీవ్ హారిస్ కూతురు లారెన్ పాడింది. తండ్రి ఎక్కబోయే స్టేజి మీద ముందు కూతురు పాడుతుంటే నాకు వెంటనే నువ్వు గుర్తొచ్చావు. ఇప్పుడు లండన్‌లో ముందు వాయించే ది రావెన్ ఏజ్ ఆయన కొడుకు బ్యాండే, కాబట్టి లేటుగా వెళ్ళకు.

చీకటి పడ్డాక లైట్లన్నీ ఆరిపోయాయి. సింగర్ బ్రూస్ డికిన్సన్ పరిగెత్తుకుంటూ వచ్చి "స్క్రీమ్ ఫర్ మీ బ్యాంగళూర్" అని అరిచాడు చూడు, చుట్టూ ఉన్న జనం ఒక్కసారిగా ముందుకి తోసుకొచ్చారు, నా కాళ్ళు కాసేపు నేలకి ఆనలేదు. క్యాసెట్‌లో అన్నేళ్ళు విన్నా నాకు బేస్ అంటే ఏంటో తెలియదని అప్పుడర్థమైంది. హారిస్ పిక్ (తీగలు మీటే చిన్న ముక్క) వాడడు, ఉత్తి వేళ్ళతోనే, ఒకటి పొడుగు రెండు పొట్టి చొప్పున జట్కా గుర్రం పరుగులా వాయిస్తూనే ఉంటాడు, అది చెవికి కాదు పక్కటెముకలకి తగుల్తుంది. కాలు స్టేజి అంచున ఉండే మానిటర్ స్పీకర్ మీద పెట్టి, బేస్‌ని తుపాకిలా జనం మీదకి గురిపెట్టి, ప్రతి లైనూ తనూ పెదాలతో పాడుకుంటుంటాడు. నువ్వు ఆయన్నే చూడు ఒక పాట మొత్తం.

కానీ నేను అసలు చెప్పాలనుకున్నది ఫియర్ ఆఫ్ ద డార్క్ అనే పాట గురించి. మొదట్లో గిటార్ మెల్లగా ఒక ట్యూన్ వాయిస్తుంది, మాటలుండవు దానికి. ఆ ట్యూన్‌ని గ్రౌండ్ మొత్తం పాడింది అమ్మలూ! ఓ ఓ ఓ అంటూ, వేలమంది, ఎవరూ మొదలెట్టమని చెప్పకుండానే. హాస్టల్లో తలుపేసుకుని, పక్క రూమ్ వాళ్ళు గోల అని తిడుతుంటే చిన్నగా పాడుకున్న ట్యూన్ అది. నాలాగే గువాహటిలో, కొచ్చిలో, భోపాల్లో ఇంకెవరో తలుపేసుకుని పాడుకున్నారని నాకేం తెలుసు. నాకు ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు కూడా, పక్కన షిల్లాంగ్ కుర్రాడు నా భుజం మీద చెయ్యేసి ఇంకా గట్టిగా పాడాడు.

అన్నట్టు అదే రాత్రి వెస్టిండీస్‌లో వరల్డ్ కప్, మన టీమ్ 191కి ఆలౌటై బంగ్లాదేశ్ చేతిలో ఓడిపోయింది. రిటర్న్ బస్సులో అందరూ శోకాలు, డ్రైవర్ దగ్గర్నుంచీ. నేను, ఇంకో నల్ల టీషర్టు అబ్బాయి మాత్రం వెనక సీట్లో చెవులు గుయ్యిమంటుంటే స్కోరు కూడా అడక్కుండా కూర్చున్నాం.

సరే, ఇప్పుడు నీకు పనికొచ్చేవి. చెవుల్లో పెట్టుకునే ప్లగ్స్ కొనుక్కో, నాకు రెండు రోజులు చెవులు పని చేయలేదు. మరీ ముందుకెళ్ళకు, నీ ఎత్తుకి ఏమీ కనిపించదు, సౌండ్ మిక్సర్ దగ్గర నిలబడితే సౌండూ బాగుంటుంది, స్టేజీ మొత్తం కనిపిస్తుంది. ఫోన్లు లోపల పెట్టుకుని చూడమని ఈసారి వాళ్ళ మేనేజరే అడిగాడు, నాక్కూడా వీడియో ఏం వద్దు, నువ్వు చూడు చాలు. మే 27న బుడాపెస్ట్‌లో టూర్ మొదలైనప్పుడే పాటల లిస్టు నేను చూసేశా, నీకు చెప్పను. 1980 నుంచి 1992 దాకా వచ్చిన తొమ్మిది ఆల్బమ్స్‌లోవే వాయిస్తున్నారు అని మాత్రం చెప్తా, వారానికి మూడు విన్నా సరిపోతుంది.

ఒక్క బెంగ ఉంది నాకు. నేను చూసినప్పుడు డ్రమ్స్ మీద నికో మెక్‌బ్రెయిన్ ఉన్నాడు, అంత పెద్ద డ్రమ్ కిట్ వెనక మనిషి కనిపించేవాడే కాదు, చప్పుడే. 2023లో స్ట్రోక్ వచ్చింది, అయినా తిరిగొచ్చి మళ్ళీ టూర్ చేశాడు, 2024 డిసెంబర్‌లో బ్రెజిల్‌లో ఆఖరి షో వాయించి టూర్లు మానేశాడు. ఇప్పుడు సైమన్ డాసన్ అనే ఆయన వాయిస్తున్నాడు. ఆయన ఎలా ఉన్నాడో నాకు నువ్వే చెప్పాలి, ముఖ్యంగా స్పీడ్ పాటల్లో. షో అయ్యాక ట్రైన్ ఎక్కేముందు ఫోన్ చెయ్యి, ఇక్కడ తెల్లవారుజామున మూడైనా సరే, నేను మేలుకునే ఉంటా.

నాన్న