వంజంగి క్యాంపుకి టార్చ్ గురించి

అందరికీ నమస్కారం. శనివారం రాత్రి పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద టెంట్లలోనే కదా, ప్రతి ఒక్కరూ సొంతంగా ఒక చిన్న ఎల్‌ఈడీ టార్చ్ తెచ్చుకోండి. ఫోన్ లైట్‌తో సరిపెట్టుకుందాం అనుకోవద్దు, అత్యవసరానికి ఫోన్‌లో ఛార్జింగ్ ఉండాలి.

డబ్బా మీద 1000 ల్యూమెన్లు (వెలుగు ఎంతో చెప్పే కొలత) అని చూసి మురిసిపోకండి. అరచేతిలో పట్టే టార్చ్ అంత వెలుగులో కొద్ది నిమిషాలకే వేడెక్కి, తనంతట తానే తగ్గిపోతుంది. తెల్లవారుజామున మేఘాలు చూడ్డానికి కొండెక్కేటప్పుడు 100–150 చాలు. టెంట్‌లో అయితే అన్నిటికన్నా తక్కువ మోడ్ పెట్టి పైకప్పు వైపు తిప్పండి, వెలుగు మెత్తగా పరుచుకుంటుంది. ఎదుటివాళ్ల కళ్లలోకి మాత్రం కొట్టొద్దు, ప్లీజ్. చీకటికి కళ్లు బాగా అలవాటు పడటానికి 20–30 నిమిషాలు పడుతుంది, ఒక్కసారి లైటు పడితే అదంతా పోతుంది. నక్షత్రాలు చూడాలని ఆశగా వస్తున్న పిల్లలున్నారు మనతో.

బ్యాగులో బటన్ నొక్కుకుని వెలిగిపోకుండా వెనక మూత పావు చుట్టు వదులు చేయండి, చాలా టార్చ్‌లకి అది పనిచేస్తుంది. పాడేరు చలికి బ్యాటరీ నీరసిస్తుంది, రాత్రి జేబులో పెట్టుకోండి. స్పేర్ సెల్ ప్లాస్టిక్ డబ్బాలో వేయండి, తాళాలు, చిల్లరతో కలిపి వద్దు.

టార్చ్ లేనివాళ్లు శుక్రవారంలోపు చెప్పండి, నా దగ్గర రెండు అదనంగా ఉన్నాయి.