సర్వీస్ బులెటిన్లు కారు యజమానులకూ చూపించాలి

సంపాదక మహాశయులకు నమస్కారం.

ఎలక్ట్రిక్ కార్ల రాయితీల గురించి, కొత్త మోడళ్ల గురించి మీ పత్రికలో తరచూ చదువుతున్నాను. కొన్న తరువాత బండిలో లోపం బయటపడితే ఆ సంగతి యజమానికి ఎవరు చెప్పాలన్నది మాత్రం చర్చకు రావడం లేదు. నాకు ఎదురైంది చెప్పి, ఒక విన్నపం చేసుకుందామని ఈ ఉత్తరం.

మాది ఖమ్మం. విద్యుత్ సబ్‌స్టేషన్లలో ముప్పయ్యేళ్లు పనిచేసి రిటైరయ్యాను. రెండేళ్ల కిందట ఎలక్ట్రిక్ కారు కొన్నాను. అమ్మాయి హైదరాబాద్‌లో ఉంటుంది కాబట్టి నెలకు రెండుసార్లయినా సూర్యాపేట మీదుగా వెళ్లొస్తాం. మొన్న ఎండాకాలంలో దారిలో ఫాస్ట్ ఛార్జింగ్ పెడితే నలభై శాతం దగ్గర దానంతటదే ఆగిపోయింది. ఛార్జింగ్ గన్ తీసి మళ్లీ పెట్టాను. రెండు నిమిషాలు ఎక్కి మళ్లీ ఆగింది. మా వెనక వచ్చిన బండి అదే గన్‌తో ఎక్కించుకుని వెళ్లిపోయింది. షోరూమ్‌లో చెబితే "ఛార్జర్ ప్రాబ్లమ్ అయ్యుంటుంది సార్" అన్నారు. రెండోసారి వెళ్తే "ఎండలకు అలాగే ఉంటుంది" అన్నారు. లోపమేదీ కనబడలేదు కాబట్టి వారంటీలోకి రాదని, చెక్ చేసినందుకు పన్నుతో కలిపి 2,360 రూపాయలు కట్టించుకున్నారు.

మూడోసారి నేను బండి పక్కనుంచి కదల్లేదు. స్టీరింగ్ కింద సాకెట్‌కి కేబుల్ తగిలించి, లాప్‌టాప్‌లో నా ఛాసిస్ నంబరు కొట్టాడు అక్కడి కుర్రాడు. ఒక పేజీ తెరుచుకుంది. ఫాస్ట్ ఛార్జింగ్ మధ్యలో ఆగుతోందని కస్టమర్ చెబితే బ్యాటరీని అదుపు చేసే సాఫ్ట్‌వేర్ (బ్యాటరీ మేనేజ్‌మెంట్) కొత్త వెర్షన్ ఎక్కించండి అని అందులో ఉంది. పైన తేదీ చూశాను. నేను మొదటిసారి మొర పెట్టుకున్న రోజుకు నాలుగు నెలల ముందుది! గంటన్నరలో అప్‌డేట్ అయిపోయింది, ఆ బాధ మళ్లీ రాలేదు. జాబ్ కార్డు మీద మాత్రం "జనరల్ చెకప్" అని రాశారు. ఆ పేజీ నంబరైనా వేయమంటే "అది ఇంటర్నల్ సార్, బయటికి ఇవ్వం" అన్నారు. తెర మీద చూసి నేనే జాబ్ కార్డు వెనక రాసుకున్నాను. ఆ కుర్రాణ్ణి నేను తప్పుపట్టను, పైవాళ్లు చెప్పిందే చేశాడు.

ఆ పేజీనే సర్వీస్ బులెటిన్ అంటారు. ఫలానా తేదీల మధ్య తయారైన బండ్లలో ఫలానా ఇబ్బంది వస్తోంది, వస్తే ఇది మార్చండి అని కంపెనీ తన వర్క్‌షాపులకు రాసే ఉత్తరం. రీకాల్ వేరు. లోపం ప్రాణం మీదికి తెచ్చేదైతే కంపెనీ ప్రభుత్వానికి చెప్పి, యజమానులందరినీ పిలిచి, ఉచితంగా బాగుచేయాలి. బులెటిన్‌కి ఆ పిలుపు ఉండదు. అడిగినవాడికే పని జరుగుతుంది, వారంటీ దాటితే డబ్బులు కట్టాలి. ఉందని తెలియనివాడు ఏమని అడుగుతాడు?

రీకాళ్లు మన దేశంలోనూ జరుగుతున్నాయి. 2020 డిసెంబరులో హ్యుందాయ్ 456 కోనా ఎలక్ట్రిక్ కార్లను బ్యాటరీ తనిఖీకి పిలిచింది. 2024లో అదే కంపెనీ 1,744 ఐయానిక్ 5 కార్లను, కియా 1,138 ఈవీ6 కార్లను ఐసీసీయూ అనే పరికరం కోసం వెనక్కి పిలిచాయి. పెద్ద బ్యాటరీ కరెంటుతో 12 వోల్టుల చిన్న బ్యాటరీని నింపడం దాని పనుల్లో ఒకటి. అది దెబ్బతింటే చిన్న బ్యాటరీ పడిపోతుంది, పెద్ద బ్యాటరీ ఎంత నిండుగా ఉన్నా బండి దారిలో ఆగిపోవచ్చు. పాత రోజుల్లో ఇంజన్ మోత వినే జబ్బు చెప్పే మేస్త్రీలు ఊరూరా ఉండేవారు. ఈ బండ్లలో వినడానికి మోతే లేదు. జబ్బు సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది, దాని తాళంచెవి కంపెనీ దగ్గర ఉంటుంది. అందుకే కాగితం బయటికి రావాలని ఇంతగా అడుగుతున్నాను.

అమెరికాలో బోల్ట్ అనే షెవర్లే ఎలక్ట్రిక్ కారు సంగతి చూడండి. ఎల్‌జీ తయారుచేసిన కొన్ని బ్యాటరీ సెల్స్‌లో ఆనోడ్ ట్యాబ్ (కరెంటు బయటికి వచ్చే పలుచని రేకు) చిరగడం, సెపరేటర్ (రెండు ధ్రువాలను విడదీసే పొర) మడతపడడం రెండూ ఒకే సెల్‌లో కలిస్తే నిప్పంటుకుంటోందని తేలింది. 2021 ఆగస్టులో రీకాల్‌ను అన్ని బోల్ట్ కార్లకూ, అంటే సుమారు 1.4 లక్షల బండ్లకు పెంచారు. కొత్త బ్యాటరీ మాడ్యూళ్లు (సెల్స్ కట్టలు) వచ్చేదాకా ఏం చేయాలో కూడా యజమానులకు చెప్పారు: 90 శాతానికి మించి ఛార్జ్ చేయొద్దు, బ్యాటరీని మరీ అడుగంటనివ్వొద్దు, ఛార్జింగ్ అయ్యాక బండిని ఆరుబయట పెట్టండి. ఒక ఇంటిని కాపాడడానికి ఈ మూడు మాటలు చాలు. 2024లో అక్కడే టెస్లా దాదాపు 22 లక్షల కార్లను రీకాల్ చేసింది. హెచ్చరిక దీపాల పక్కన అక్షరాలు మరీ చిన్నవిగా ఉన్నాయని! ఇంటి దగ్గర నిలబెట్టిన బండికే ఇంటర్నెట్ ద్వారా గాలిలోంచి అప్‌డేట్ వెళ్లింది, అయినా దాన్ని రీకాల్‌గానే లెక్కలో రాశారు. రీకాళ్లే కాదు, కంపెనీలు డీలర్లకు పంపే సర్వీస్ బులెటిన్లు కూడా అక్కడి రోడ్డు భద్రతా సంస్థకు చేరాలి. 2012 నాటి చట్టం ప్రకారం వాటిని ఇంటర్నెట్‌లో జనానికి అందుబాటులో పెట్టాలి.

మన దగ్గర చట్టం లేదనను. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో రీకాల్ గురించిన 110ఏ సెక్షన్ వచ్చింది, 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఏడేళ్ల లోపు బండ్లకు వర్తిస్తుంది. ప్రభుత్వం ఆదేశించి రీకాల్ చేయించాల్సి వస్తే కోటి రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. అలా ఆదేశించాలంటే అమ్మిన బండ్లలో ఇన్నింటికి ఫిర్యాదులు రావాలన్న లెక్క కూడా ఉంది. మరి "ఛార్జర్ ప్రాబ్లమ్" అని చెప్పి పంపేస్తుంటే ఆ లెక్క ఎప్పటికి నిండుతుంది? 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇళ్లలో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి నిద్రలో ఉన్నవాళ్ల ప్రాణాలు తీశాయి. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె దడదడలాడుతుంది.

నేను పనిచేసే రోజుల్లో ఒక లాట్ బ్రేకర్లలో (ప్రమాదంలో కరెంటును తెంచే పెద్ద స్విచ్‌లు) లోపం ఉందని సర్క్యులర్ వస్తే ఆపరేటర్ గదిలో గోడకు అంటించేవాళ్లం. రాత్రి డ్యూటీకి వచ్చే మనిషి దాన్ని చదివిగానీ స్విచ్ మీద చెయ్యి వేసేవాడు కాదు. కారు నడిపేవాడికి ఆ మాత్రం హక్కు లేదా?

కేంద్ర రవాణా శాఖకు నా విన్నపం ఇది. ఛాసిస్ నంబరు కొడితే రీకాల్‌తో పాటు ఆ బండికి వర్తించే బులెటిన్లన్నీ కనబడేలా వాహన్ పోర్టల్‌లో పెట్టించండి. చేసిన పనికి బులెటిన్ నంబరు జాబ్ కార్డు మీద రాయడం తప్పనిసరి చేయండి. ఎలక్ట్రిక్ బండ్లకు 2026 డిసెంబరు 31 దాకా రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేసిన తెలంగాణ ప్రభుత్వం కూడా ఈ మాట ఢిల్లీలో గట్టిగా అడగాలి. సెకండ్ హ్యాండ్ బండి పేరు మారేటప్పుడు పెండింగ్ రీకాల్ ఉందో లేదో చూసే ఏర్పాటు ఆర్టీవో ఆఫీసుల్లో ఉండాలి.

ఈ చివరి మాట ఊరికే అనడం లేదు. మా వీధి చివర ఒక మాస్టారికి నా మోడల్ బండే ఉంది, నిరుడు సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. కంపెనీ నుంచి ఆయనకు ఏ ఫోనూ రాలేదు, వాళ్ల దగ్గరున్నది మొదటి యజమాని నంబరు. ఆయన బండికీ ఛార్జింగ్ మధ్యలో ఆగుతోందట, బ్యాటరీ పోయిందేమోనని అమ్మేద్దామనుకుంటున్నారు. నా జాబ్ కార్డు వెనక రాసుకున్న నంబరు ఆయనకు చీటీ మీద రాసిచ్చాను. సోమవారం ఇద్దరం కలిసి షోరూమ్‌కి వెళ్తున్నాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ విద్యుత్ ఉద్యోగి,
ఖమ్మం