ఏసీ రంధ్రం మూసేముందు టార్చి కొట్టి చూడండి

సంపాదకులకు నమస్కారం.

పిచ్చుకలు తగ్గిపోవడానికి సెల్ టవర్లే కారణమని మీ పత్రికలో ఒక పాఠకుడు రాసింది చదివాను. అంతా టవర్ల మీదికి తోసేసి మనం చేతులు కడుక్కోవడం నాకు నచ్చలేదు. నేను ఎలక్ట్రీషియన్ని. మాది మదనపల్లె దగ్గర పల్లె. 26 ఏళ్లుగా బెంగళూరు రామమూర్తి నగర్‌లో ఉంటూ వైరింగ్, ఏసీ బిగించే పనులు చేసుకుంటున్నాను. మా వీధిలో ఒక మిద్దె మీద టవర్ ఉంది. దానికి రెండిళ్ల అవతల, కిరాణా కొట్టు షట్టర్ పైన సందులో పిచ్చుకలు ఏటా పిల్లల్ని తీస్తున్నాయి. టవర్ల సంగతి చదువుకున్నవాళ్లు తేలుస్తారు. రంధ్రాల సంగతి నాకు తెలుసు. వాటిని కొట్టేదీ మేమే, మూసేదీ మేమే.

మా అమ్మ ఇంట్లో వెంకటేశ్వరస్వామి పటం గోడకు కాస్త వాల్చి కట్టి ఉండేది. దాని వెనకాలే గూడు. రోజూ పుల్లలు రాల్చేవి, ఊడ్చుకుంటూ తిట్టేది, గూడు మాత్రం ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. ఇప్పటి ఇళ్లకు చూరు లేదు, దూలాల సందు లేదు. మిగిలిందల్లా ఏసీ పైపు కోసం మేం గోడకు కొట్టే రెండున్నర, మూడు అంగుళాల రంధ్రం. అద్దెకున్నవాళ్లు ఏసీ విప్పుకుని పోతారు, రంధ్రం పిచ్చుకలకు దక్కుతుంది.

మూడేళ్ల కిందట ఉగాది ముందు ఒక అపార్ట్‌మెంట్‌లో పని. పెయింటర్లు వచ్చేలోగా బయట గోడల పాత రంధ్రాలన్నీ మూసేయమన్నారు. ఒక్క పూటలో పదకొండు మూశాను, వైట్ సిమెంటుతో. ఒక్కదాంట్లోకీ టార్చి కొట్టి చూడలేదు. మర్నాడు మిగతా పనికి పోతే, రెండో అంతస్తులో ఆ తెల్ల మచ్చ దగ్గర ఆడపిచ్చుక గోడకు కొట్టుకుంటోంది. ముక్కున పచ్చపురుగు. ఎగిరి కేబుల్ మీద కూర్చుంటుంది, మళ్లీ వస్తుంది, పురుగును మాత్రం వదలదు. రాయచూరు నుంచి వచ్చిన సెక్యూరిటీ అతను పైకి చూసి "గుబ్బచ్చి అణ్ణా, పాప" అన్నాడు, కన్నడంలో పిచ్చుక అన్నా, పాపం అని. ఉలితో పగలగొట్టాను. లోపల మూడు పిల్లలు. రెండే కదిలాయి.

నిచ్చెన తీసేసి దూరంగా నిలబడ్డాను. పావుగంటకు తల్లి లోపలికి దూరింది. పది రోజులు ఆ గోడ వదిలేయమని అసోసియేషన్ వాళ్లను బతిమాలుకున్నాను. నా కూలీలో కోసుకున్నారు, అది వేరే విషయం.

గుడ్లు పొదగడానికి 11 నుంచి 14 రోజులు, పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు వారాల పైచిలుకు. అంతా కలిపి నెల. పెయింట్ నెల ఆగితే గోడ ఎక్కడికీ పోదు కదా. 2020లో వచ్చిన దేశ పక్షుల నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద పిచ్చుకలు ఇంచుమించు నిలకడగానే ఉన్నాయి, తగ్గింది పెద్ద నగరాల్లో. అందులో మన బెంగళూరు కూడా ఉంది.

మార్చి 20న పిచ్చుకల దినోత్సవమని గూటి పెట్టెలు పంచుతున్నారు, సంతోషం. కానీ వాటిలో కొన్నింటి రంధ్రం చూస్తే గోరింక హాయిగా దూరేలా ఉంటుంది. 32 ఎం.ఎం. చాలు, అంటే మేం వాడే పీవీసీ పైపు సైజు. నేనైతే రీవైరింగ్ చేసిన ఇళ్లలో పారేసే పాత చెక్క స్విచ్ బోర్డులతోనే పెట్టెలు చేస్తున్నాను. మధ్యాహ్నపు ఎండ తగలని గోడకు, పిల్లి అందుకోలేనంత ఎత్తులో తగిలించాలి. పెట్టె కట్టి, కింద కుండీలకు వారం వారం పురుగుల మందు కొడితే లాభం లేదు. మొదట్లో పిల్లలకు మనం చల్లే బియ్యం పనికిరాదు, తల్లి మెత్తని పురుగులే తెచ్చి పెట్టాలి. మా ఇంట్లో కరివేపాకు చెట్టుకు గొంగళిపురుగు పడితే మా ఆవిడ మందు జోలికి పోవడం మానేసింది.

మీటర్ బోర్డులో గూడు కడుతుంటే మాత్రం జాలిపడి ఊరుకోకండి. ఎండుగడ్డి, లూజ్ కనెక్షన్ కలిస్తే నిప్పే. మొదటి పుల్ల కనబడిన రోజే ఆ సందు మూసి, పక్కన పెట్టె తగిలించండి. గుడ్లు పెట్టేదాకా చూస్తూ కూర్చుంటే తర్వాత మీకూ టెన్షన్, వాటికీ టెన్షన్.

ఇప్పుడు నేనిచ్చే ప్రతి ఎస్టిమేట్ కింద ఒక లైను రాస్తున్నాను: "రంధ్రంలో గూడు ఉంటే ఆ పని నెల తర్వాత." అది చూసి ఇద్దరు వేరే మనిషిని పిలుచుకున్నారు. హొరమావులో ఒక పెద్దావిడ మాత్రం సరేనని, నెల తిరిగాక ఫోన్ చేసింది. "బాబూ, మళ్లీ గుడ్లు పెట్టింది, ఇప్పుడేం చేద్దాం?" అంది. ఆ పని ఇంకా పెండింగే.

ఇట్లు,
ఒక ఎలక్ట్రీషియన్,
రామమూర్తి నగర్, బెంగళూరు