‘నరాల గోలీ’లోని లిపోయిక్ ఆమ్లం

సంపాదకులకు నమస్కారాలు.

మిర్యాలగూడలో ఉంటున్న మా అక్కకు పద్నాలుగేళ్లుగా షుగర్ వ్యాధి ఉంది. మొన్న సంక్రాంతికి వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆమె వాకిట్లోంచి లోపలికి వచ్చేసరికి ఎడమకాలి చెప్పు గడప అవతలే జారిపోయి ఉంది. నేను చెబితే గానీ ఆ సంగతి ఆమెకు తెలియలేదు. అరికాళ్లు మొద్దుబారి ఏడాది దాటిందనీ, రాత్రిళ్లు మంటలు పుడుతుంటే మందుల దుకాణంలో అడిగి ‘నరాల గోలీలు’ తెచ్చుకుని వేసుకుంటున్నాననీ అప్పుడు చెప్పింది. ఆ గోలీల పట్టీ వెనుక ఉన్న సన్నటి అక్షరాలను భూతద్దం పెట్టి చదివితే మిథైల్‌కోబాలమిన్ (బి12 విటమిన్) 1500 మైక్రోగ్రాములు, ఆల్ఫా లిపోయిక్ యాసిడ్ 100 మిల్లీగ్రాములు, మరో మూడు విటమిన్లు కనిపించాయి. ముప్పై ఏళ్లు రసాయనశాస్త్రం బోధించినవాడిగా ఆ రెండో పేరు గురించి మీ పాఠకులకు చెప్పవలసినది ఉందనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

లిపోయిక్ ఆమ్లం మన శరీరానికి పరాయిది కాదు. ఎనిమిది కర్బన పరమాణువుల గొలుసు, దాని చివర రెండు గంధక పరమాణువులతో ఏర్పడిన చిన్న వలయం, ఇదే దాని నిర్మాణం. 1951లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన లెస్టర్ రీడ్, ఆయన సహచరులు సుమారు 10 టన్నుల పశువుల కాలేయాన్ని శుద్ధి చేస్తూ పోయి, చివరికి దాదాపు 30 మిల్లీగ్రాముల లేత పసుపు స్ఫటికాలను రాబట్టారు. మా అక్క మింగే ఒక్క గోలీలో అంతకు మూడింతలు ఉంది. కణాల్లో ఇది చాలా కొద్దిగానే ఉంటుంది; అక్కడ అది విడిగా తిరగదు, కొన్ని ఎంజైములకు అతుక్కునే ఉంటుంది. మనం తిన్న అన్నం, జొన్నరొట్టె గ్లూకోజుగా మారి, ఆ గ్లూకోజు పైరూవేట్‌గా విరిగి కణంలోని శక్తి కేంద్రమైన మైటోకాండ్రియాలోకి చేరాక, పైరూవేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైముల సముదాయం దాన్ని అందుకుంటుంది. పుట్టపాక మగ్గం మీద నాడె ఈ అంచు నుంచి ఆ అంచుకు నూలు మోసినట్టుగా, ఈ సముదాయంలో ఒక అమైనో ఆమ్లమైన లైసిన్‌కు అతికి ఉన్న లిపోయిక్ ఆమ్లం అనే చెయ్యి థయామిన్ ఉన్న ఎంజైము దగ్గర అసిటైల్ ముక్కను అందుకుని, కో-ఎంజైమ్ ఏ చేతిలో పెట్టి, తనకు మిగిలిన రెండు హైడ్రోజన్లను మూడో ఎంజైముకు అప్పగించి, మళ్లీ మొదటి చోటికి వస్తుంది. ఆర్సెనిక్ విషం ప్రాణం తీసే దారుల్లో ఒకటి ఇదే: ఆ రెండు గంధకాలను పట్టుకుని నాడెను ఆపేస్తుంది.

అయితే ఈ నాడెను శరీరం తనంతట తానే మైటోకాండ్రియాలో తయారు చేసుకుంటుంది. బయటి నుంచి మింగిన లిపోయిక్ ఆమ్లం ఆ స్థానంలోకి వెళ్లి అతుక్కోదు. ఆ తయారీ ఎంజైములోనే జన్మతః లోపం ఉన్న పిల్లలకు మాత్రలు ఇచ్చినా ఫలితం దక్కకపోవడమే ఇందుకు నిదర్శనం. ‘శక్తిని పుట్టించే పదార్థం కాబట్టి తింటే శక్తి వస్తుంది’ అని దుకాణాల్లో చెప్పే మాట అందుకే సరైనది కాదు. మింగినది చేయగలిగింది వేరు. అది డైహైడ్రోలిపోయిక్ ఆమ్లంగా మారి, వాడిపోయిన విటమిన్ సి వంటి వాటిని తిరిగి పనికి తెస్తుంది, కొన్ని లోహాలను పట్టుకుంటుంది. అధిక చక్కెర వల్ల నరాలపై పడే ఆక్సీకరణ ఒత్తిడిని ఇది తగ్గించవచ్చన్న ఆశతోనే జర్మనీలో దశాబ్దాలుగా మధుమేహపు నరాల జబ్బుకు దీన్ని వాడుతున్నారు.

ఆ ఆశ ఎంతవరకు నిజమైంది? 2006లో వెలువడిన సిడ్నీ-2 పరీక్షలో 181 మంది రోగులకు ఐదు వారాలు రోజుకు 600, 1200 లేదా 1800 మిల్లీగ్రాముల మందు గానీ, మందు లేని ఉత్త మాత్ర గానీ ఇస్తే, మందు పుచ్చుకున్నవారికి మంటలు, పోట్లు ఎక్కువగా తగ్గాయి. 600కు మించి ఇచ్చినందువల్ల వికారం పెరిగిందే కానీ మేలు పెరగలేదు. నాలుగేళ్లు సాగిన నాథన్-1 పరీక్షలో మాత్రం ముందుగా నిర్ణయించుకున్న ప్రధాన కొలమానంలో తేడా కనిపించలేదు. ఆరు నెలలు, అంతకు మించి సాగిన పరీక్షలను జల్లెడ పట్టిన కాక్రేన్ సంస్థ సమీక్ష, ఆరు నెలల తర్వాత లక్షణాలపై దీని ప్రభావం బహుశా స్వల్పమే లేదా శూన్యమని 2024లో తేల్చింది. పరీక్షించిన మోతాదు 600, మన గోలీలో ఉన్నది 100. పైగా దాన్ని అన్నం తిన్నాక మింగితే ఒంటికి పట్టేది ఇంకా తగ్గుతుంది.

హాని అరుదే కానీ ఉంది. కొందరిలో ఇది ఇన్సులిన్‌కు వ్యతిరేకంగా ప్రతిరక్షకాలను పుట్టించి, రక్తంలో చక్కెరను హఠాత్తుగా పడగొట్టగలదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2021లో హెచ్చరించింది. అలా చక్కెర పడిపోయి చెమటలు పట్టి చేతులు వణికితే ‘గోలీ పనిచేస్తోంది’ అనుకోకూడదు.

మన నల్లగొండ జిల్లాకు మరో చిక్కు ఉంది. మర్రిగూడ వైపు పెద్దవాళ్లు కాళ్ల తిమ్మిరిని నీళ్లలోని ఫ్లోరైడ్ దోషమే అనుకుని ఊరుకుంటారు. ఫ్లోరోసిస్‌లో ఎముక పెరిగి వెన్నులోని నరాన్ని నొక్కడం నిజమే, దానికి ఈ గోలీ మందు కాదు. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్రను ఏళ్ల తరబడి వాడినవారిలో కొందరికి బి12 తగ్గి అచ్చం ఇవే తిమ్మిర్లు రావచ్చు. షుగర్, ఫ్లోరోసిస్, బి12 లోపం మూడింటికీ ఒకే గోలీ ఇస్తే అసలు జబ్బు దాగిపోతుంది. మా అక్కను పెద్ద డాక్టరుకు చూపించేదాకా పద్నాలుగేళ్లలో ఎవరూ ఆమె అరికాలు ముట్టి చూడలేదు.

కాబట్టి ఆరోగ్యశాఖ వారికి మీ పత్రిక ద్వారా నా విన్నపం: పల్లె దవాఖానల్లో షుగర్ చూసే రోజునే 10 గ్రాముల బలంతో నొక్కే నైలాన్ పోగుతో అరికాళ్ల స్పర్శ కూడా చూడాలి, అవసరమైన వారికి బి12 పరీక్ష రాయాలి. ఇటువంటి గోలీల పట్టీల మీద ఏ పదార్థం ఎంత ఉందో తెలుగులో, చదవగలిగే అక్షరాల్లో ముద్రించేలా చూడాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు,
నల్లగొండ